జేరాన్ రెండో కాన్పు

ఏమే, గుమ్మంలోనే కూలబడ్డావేం, లోపలికి రా. కాళ్ల మట్టి దులుపుకోనక్కర్లేదులే, ఇంట్లో అంతకన్నా ఎక్కువే ఉంది. ఏంటీ, తినట్లేదా? ఎవరు, ఆ దక్షిణాది కొండల నుంచి తెచ్చిన పిల్లలేనా? నాలుగు రోజులేగా అయింది వాళ్లొచ్చి! రాజుగారి దగ్గర పూచీ పెట్టిన పిల్లల్ని చూసుకునే పని నా కూతురికి దొరికిందని మీ అమ్మ వాడవాడంతా చాటింపు వేసింది, నువ్వేమో నాలుగు రోజులకే ముక్కు చీదుకుంటూ వచ్చావు. ఇదిగో, ఈ జల్దారు పళ్లు చీల్చి గింజలు తీసి పడెయ్యి. ఎదుటి మనిషి చేతులు ఊరికే ఉంటే నాకు మాట సాగదు. నీకు జేరాన్ సంగతి ఎవరూ చెప్పలేదా? చెప్పరులే. ఇప్పటి కుర్రాళ్లని రాజ్యం ఎట్లా వచ్చిందిరా అంటే, ఏ కనుమ దాటాం, ఏ కోట పగలగొట్టాం, ఏనుగు తొండం ఎంత పొడుగుంది, ఇదే సోది. మొన్న ఆ ఒంటెల వాడి కొడుకు నా ముందు కూచుని నాకే చెబుతున్నాడు, కుషాణులు అయిదు తెగల్ని కత్తితో ఒక్కటి చేశారవ్వా అని. ఒరే, నువ్వు మీ అమ్మ కడుపులో కూడా లేవురా అప్పటికి, నేను అక్కడ మంత్రసానితనం చేశానురా అన్నా. పిచ్చిముసల్దని నవ్వి పోయాడు.

నాకప్పుడు పద్దెనిమిది. మీ తాతని కట్టుకుని ఏడాది. మీ తాత కాలవకి నీరుకట్టేవాడు, నేను రొట్టెలు కాల్చి కుషాణుల గుడారాలకి మోసేదాన్ని. మనం ఈ వక్షు నది ఒడ్డున పుట్టిన రైతులం కదా, వాళ్లేమో ఎక్కడో తూర్పున గడ్డిబీళ్లలో పుట్టి, శత్రువు తరిమితే ఎడారులు దాటుకుని వచ్చిపడ్డ గుర్రాల మనుషులు. మా అమ్మమ్మ కాలంలో వాళ్లొస్తున్నారంటే జొన్నలు గోతుల్లో పాతిపెట్టి, ఆడపిల్లల్ని రెల్లుపొదల్లో దాచేవాళ్లట. మా కాలానికి వాళ్లకి రొట్టె రుచి మరిగింది, మనకి వాళ్ల మాంసం రుచి మరిగింది. కలిసిపోయామని కాదుగానీ, ఒకళ్లనొకళ్లు వాసన పట్టి గుర్తుపట్టేంత అలవాటయ్యాం. ఆ, ఏం చెబుతున్నా? అయిదు తెగలు. ఒక్కో తెగకి ఒక్కో యబ్గు, అంటే దొర. అయిదుగురు దొరలూ అయిదు వైపులా లాగేవాళ్లు. ఎండాకాలం బాగానే ఉండేవాళ్లు, కొండల మీద మేత బోలెడు. చలికాలం వస్తే మంచు పడని బీళ్లు రెండో మూడో, వాటికోసం కొట్టుకు చచ్చేవాళ్లు. ప్రతి ఏడూ మంచు కరిగేసరికి ఏదో ఒక గుడారంలో ఏడుపే.

అప్పుడు కుషాణు దొరకి ఒక ఆలోచన వచ్చింది. మిగతా నలుగురు దొరల్నీ నిప్పు ముందు ఒట్టు పెట్టించి, తలా ఒక బిడ్డని పూచీ కింద తన విడిదిలో పెట్టమన్నాడు. మాట తప్పితే బిడ్డ మీద ఆశ వదులుకోవాలి. సరేనని నలుగురూ పంపారు. ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఆ ఆడపిల్లే రాలిక్. నదికి ఎగువనున్న కొండతెగ దొర కూతురు. తొమ్మిదేళ్లది, ఇదిగో ఈ తిరగలి కర్ర కన్నా సన్నం. ఈ పిల్లల్ని ఎవరు చూడాలి అంటే, విడిది పెద్ద కామిర్ద్ జేరాన్‌ని పిలిపించాడు.

జేరాన్ అంటే ఏమనుకున్నావు! మనిషి గోదాములా ఉండేది. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, గుర్రానికి పగ్గం వేస్తుంటే తాడు చుట్టుకుని తెగిపోయాయట. నోరు విప్పితే ఒంటెలు కూడా సిగ్గుపడే మాటలు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, పదమూడేళ్లవాడు. మూడేళ్ల కిందట చలికాలపు బీట్లో గొర్రెల దగ్గరుంటే కొండతెగ వాళ్లు మీదపడి చంపేశారు. అవునే, ఆ కొండతెగే, రాలిక్ వాళ్ల తెగే. అప్పుడు నేనింకా ఆ విడిదికి పోయేదాన్ని కాదు, నాకు తరవాత చెప్పారు. అందుకని కామిర్ద్ పిల్లల సంగతి చెప్పగానే జేరాన్ అందరి ముందూ, "పాముపిల్లకి నా చేత్తో పాలు పొయ్యమంటావా? నీకు వేరే ఆడమనిషి దొరకలేదా, ముసలి తోడేలా?" అని అరిచింది. కామిర్ద్ నెమ్మదస్తుడు. "దొరికేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలు పోతే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు కావాలి నాకు" అన్నాడు. అంతే, జేరాన్ ఉమ్మేసి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పిల్లలు ఆమె గుడారంలో ఉన్నారు.

ఇదిగో, ఇది నీకోసమే చెబుతున్నా విను. ఆ రాలిక్ కూడా తినలేదు. ఎగువ వైపు మొహం పెట్టి రాయిలా కూచునేది. మగపిల్లలు ముగ్గురూ రెండో రోజుకే గొర్రెపిల్లల వెంట పడ్డారు, ఇది మాత్రం కదల్లేదు. జేరాన్ బుజ్జగించలేదు. ఒళ్లో కూచోబెట్టుకోనూ లేదు. పులిసిన గుర్రంపాలు గిన్నెలో పోసి ఆ పిల్ల పక్కన పెట్టి వెళ్లిపోయేది. తాగకపోతే తీసుకెళ్లి కుక్కకి పోసి మళ్లీ కొత్తవి పెట్టేది. నేను రొట్టెలు తీసుకెళ్లినప్పుడు చూసేదాన్ని. "కాస్త ముద్దుగా అడిగితే తింటుందేమో కదా" అన్నానొకసారి. "రైతుపిల్లా, నీ రొట్టె నువ్వు కాల్చుకో" అంది. నా పేరు ఆమె నోట ఎన్నడూ వినలేదు నేను, చచ్చేదాకా రైతుపిల్లే. ఆరో రోజో ఏడో రోజో ఆ పిల్ల గిన్నె ఎత్తి తాగింది. జేరాన్ చూసి కూడా చూడనట్టే ఉంది. ఆ చలికాలం పిల్ల జోళ్లు బొటనవేళ్ల దగ్గర చిరిగిపోయాయి. ఓ పొద్దున నేను వెళ్లేసరికి రాలిక్ కాళ్లకి కొత్త జోళ్లున్నాయి, పెద్దవి, లోపల ఉన్ని కుక్కి ఉంది. ఎవరివని అడిగితే పక్కనున్న ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. జేరాన్ తన కొడుక్కని కుట్టించినవట. వాడు ఒక్కసారి కూడా తొడుక్కోలేదట.

నువ్వు పళ్లు చీలుస్తున్నావా, తింటున్నావా? తిను తిను.

ఆ తరవాతి ఏడు శరత్కాలం. మన దొర సైన్యంతో నది దాటి పడమటికి వెళ్లాడు. విడిది కామిర్ద్ చేతిలో ఉంది. ఇదే అదను అనుకున్నాడో ఏమో, రాలిక్ తండ్రి చలికాలపు బీడు మీదికి దిగి ఆక్రమించేశాడు. మనవాళ్లు ఇద్దరు కాపరులు చచ్చిపోయారు. నిప్పు ముందు పెట్టిన ఒట్టు! బిడ్డ ఇక్కడుందని తెలుసు కదా ఆయనకి! ఇప్పటికీ ఆ మనిషి మనసేంటో నాకు అంతుపట్టదు. ఆ కబురొచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం, నేను తట్ట నెత్తినపెట్టుకుని విడిదిలోకి వెళ్లేసరికి గుడారాల మధ్య పెద్దలంతా గుండ్రంగా కూచున్నారు. నడుమ రాలిక్ నిలబడుంది. పక్కన నేల మీద ఒక కంబళి పరిచి ఉంది. నాకు తెలీదు కంబళి ఎందుకో. వాళ్ల పద్ధతిలో దొరబిడ్డ రక్తం నేల మీద పడకూడదు. కంబళిలో చుట్టి, గుర్రాలతో తొక్కించేస్తారు. పక్కనున్నావిడ చెప్పింది. తట్ట దింపి అక్కడే కూచున్నా.

అందరికన్నా గట్టిగా అరుస్తున్నవాడు పిదుక్. జేరాన్‌కి మరిది, మొగుడి తమ్ముడు. "మా అన్న కొడుకుని చంపింది వీళ్లే. ఇప్పుడు ఇంకో ఇద్దర్ని చంపారు. ఇంకా ఎన్నాళ్లు లెక్కపెడతావు కామిర్ద్? ఆ ముగ్గురు పిల్లల తెగల వాళ్లు అటు నిలబడి చూస్తున్నారు. ఇవాళ నువ్వు వదిలేస్తే రేపటినుంచి పూచీ పిల్లలంటే అత్తారింటికి పంపిన పిల్లలే!" అన్నాడు. మాట తప్పు కాదే, అదే కష్టం. కామిర్ద్ దొరకి కబురు పెడదామన్నాడు. పోయి రావడానికి ఎనిమిది రోజులు. ఎనిమిది రోజుల్లో మిగతా తెగలు కూడా బీళ్లమీదికి దిగితే ఎవరు ఆపాలి అని పెద్దలంతా ఒక్కటే గోల. కామిర్ద్ పొద్దున్నుంచి పచ్చినీళ్లు ముట్టలేదట. చెయ్యెత్తాడు, ఏదో చెప్పబోయాడు.

అప్పుడొచ్చింది జేరాన్. గొర్రెకొవ్వు కరగబెడుతోందేమో, మోచేతుల దాకా జిడ్డు. మనుషుల్ని తోసుకుంటూ వచ్చి నడుమ నిలబడింది. "కామిర్ద్, మన కట్టుబాటు నీకు గుర్తుందా, నేను చెప్పాలా? బిడ్డని పోగొట్టుకున్న తల్లి, చంపినవాళ్ల బిడ్డని అడిగి తన బిడ్డగా తెచ్చుకోవచ్చు. ఉందా, లేదా?" అంది. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. "ఉంది. మన తాతల నాటిది. నా ఎరుకలో ఎవరూ అడగలేదు" అన్నాడాయన. పిదుక్ లేచి నిలబడ్డాడు. "వదినా, నోరు ముయ్యి! వాడి రక్తం ఇంకా ఆరలేదు." జేరాన్ వాడి వైపు చూడలేదు. కామిర్ద్ లేచి ఆమె దగ్గరికొచ్చి, తన కూతురితో మాట్లాడినట్టు మెల్లగా చెప్పాడు. "తెలిసే అడుగుతున్నావా? ఈ పిల్లని తీసుకుంటే వాడి పగ తీరినట్టే. నీ మరుదులు ఇక ఆ రక్తం అడగడానికి లేదు. సంవత్సరీకం పెట్టకూడదు. వాడి పేరు నువ్వుగానీ మన తెగలో ఇంకెవరుగానీ పలకకూడదు. ఈ బిడ్డే ఆ బిడ్డ. రెండు పేర్లు ఉండవు."

ఆమె వెంటనే అవుననలేదే. అది చెప్పాలి నీకు. ఆమె మహాతల్లి, తడుముకోకుండా అనేసింది అని ఎవరైనా చెబితే నమ్మకు. నోరు తెరిచింది, మాట రాలేదు. మూసింది. గుర్రాలు తోకలతో ఈగల్ని తోలుకుంటున్న చప్పుడు కూడా వినబడుతోంది. మళ్లీ తెరిచింది. "తెలుసు" అంది. అని చుట్టూ చూసి, నా వైపు ఆ రెండువేళ్లు లేని చెయ్యి చూపించి, "ఒసే రైతుపిల్లా, ఇటు రా. కాన్పుకి మంత్రసాని ఉండాలి. మా తెగ ఆడది చేస్తే నా మరుదులు దాని బతుకు నరకం చేస్తారు, నువ్వయితే ఎవరికీ ఏమీ కావు" అంది. నేనా? నాకు దూడని ఈనించడం కూడా రాదు. పోయా.

నేల మీద కూచుంది. ఆ పెద్ద అంగీ, మెడ దగ్గర ముడి విప్పింది. రాలిక్‌ని రెక్క పట్టి దగ్గరికి లాగి, మెడ దగ్గర్నుంచి తల లోపలికి దూర్చింది. పాపం ఆ పిల్లకేం తెలుసు? కంబళి చూసింది కదా, చంపడానికే అనుకుంది. కాళ్లు కొట్టుకుంది, గోళ్లతో రక్కింది. లోపలికి పోయాక జేరాన్ పొట్ట కొరికింది! "అబ్బా! పళ్లతోనే పుడుతోందర్రా ఇది!" అని కేకేసింది జేరాన్. ఎవరో ఫక్కుమన్నారు. ఇంకో ఇద్దరు నవ్వారు. యాభై ఏళ్ల ఆడమనిషి అంగీలో పదేళ్ల పిల్ల, నవ్వు రాదా? ఆ తరవాత జేరాన్ ఇంకో కేక పెట్టింది. అప్పుడు అందరూ నటన అనుకున్నారు, నేనూ అనుకున్నా. తరవాత నేను ఆరుగుర్ని కన్నా తల్లీ. అది నటన కాదు. నవ్వినవాళ్ల నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను అంగీ అంచు ఎత్తి పట్టుకుని రెండు చేతులూ లోపల పెట్టా, తల తగిలింది. జుట్టంతా కొవ్వు జిడ్డు. చంకల కింద పట్టుకుని లాగా. బయటపడి నా ఒళ్లో పడింది, గుండె పిట్టలా కొట్టుకుంటోంది.

కామిర్ద్ అడగాల్సినవి అడిగాడు. "ఏం బిడ్డ?" మంత్రసానిని కదా, నేనే చెప్పాలి. "ఆ... ఆడబిడ్డ." "బతికుందా?" ఎక్కడ్నుంచి వచ్చిందో నాకంత పొగరు, "కనబడట్లేదా అయ్యా, చూడు నన్నెట్లా తంతోందో!" అన్నా. ఈసారి అందరూ నవ్వారు. కామిర్ద్ మొహం తుడుచుకున్నాడు, చెమటో ఏమిటో. "కుషాణు తెగలో ఒక ఆడబిడ్డ పుట్టింది. కొండతెగ వాళ్ల పూచీ పిల్ల ఇక్కడ ఎవరూ లేరు. కంబళి తీసెయ్యండి" అన్నాడు. పిదుక్ మాత్రం నవ్వలేదు. నడుముకున్న పటకా విప్పి జేరాన్ ముందు పడేశాడు. "ఇవాళ్టి నుంచి నాకు వదిన లేదు" అని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం లోపే ఆమె గుడారాన్ని మరుదుల వరసలోంచి ఊడబీకేశారు. మీ తాతా నేనూ బండి తోలుకెళ్లి సామానెత్తి మన కాలవ పక్కన వేయించాం. అదుగో, ఇప్పుడు మేకల దొడ్డి ఉందే, అక్కడ.

దొర తిరిగొచ్చాక ఏమన్నాడో నాకు తెలీదు. కామిర్ద్ తల మెడమీదే ఉంది కాబట్టి మంచిమాటే అనుంటాడు. ఆ కబురు మాత్రం కొండలెక్కి పాకింది. ఎగువన రాలిక్ తండ్రి మనుషులే ఎదురు తిరిగారట. "దొరా, నీ బిడ్డ వాళ్లింట్లో పుట్టింది. ఇక వాళ్లు బంధువులు. బంధువుల మీదికి కత్తెత్తితే మా ఆడాళ్లు మాకు కూడు పెడతారా?" అని. మంచు కరగ్గానే ఆయన నలభైమంది గుర్రపువాళ్లతో దిగాడు. ఒక్కడి దగ్గర కూడా ఆయుధం లేదు. మెడలో కొరడా వేలాడేసుకుని ఉన్నాడు, అంటే కొట్టినా పడతానని. దొర గుడారానికి వెళ్లి లొంగిపోయి, తిన్నగా కాలవ గట్టు మీదికొచ్చాడు. నేను బట్టలు ఉతుకుతున్నా. "మీ బిడ్డని ఒకసారి చూడొచ్చా?" అని జేరాన్‌ని అడిగాడు. మీ బిడ్డ అన్నాడు చూడు! "చూడు. తాకితే కరుస్తుంది, నా పొట్ట మీద మచ్చ కూడా ఉంది" అంది జేరాన్. ఆయన నవ్వబోయి ఏడ్చాడు.

రాలిక్ బయటికొచ్చింది. అప్పటికే ఒక జానెడు పెరిగింది. తండ్రిని తేరిపార చూసి, "నన్ను చంపుతారని తెలిసే దిగావా?" అంది. ఏ పిల్లా తండ్రిని అడగకూడని మాట. ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు. అనుకోలేదమ్మా, పొరపాటమ్మా అని ఉండొచ్చు. "తెలుసు" అన్నాడు. "గొర్రెలు మేత లేక చస్తున్నాయి. ఎనిమిది వందల గుడారాలు. నువ్వొక్కదానివి." పిల్ల లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా రాలేదు. ఆయన అక్కడే నిలబడ్డాడు ఎండలో. చివరికి జేరానే గిన్నెలో పాలు తీసుకెళ్లి ఆయన పక్కన నేల మీద పెట్టి వచ్చేసింది. ఆయన తాగి వెళ్లాడు. తరవాత ఏటేటా వచ్చేవాడు. మూడో ఏడో నాలుగో ఏడో రాలిక్ ఆయన గుర్రం పగ్గం పట్టుకుంది, అంతవరకే.

అట్లా కొండతెగ కలిసింది. మిగతా మూడూ అంతేనా అంటావు? కాదే. అబద్ధమెందుకు, ఒకటి పెళ్లితో కలిసింది, రెండు కత్తితోనే లొంగాయి. ఆ రెండిట్లో ఒకదాని పిల్లాడు జేరాన్ గుడారంలో పెరిగినవాడే, వాడు తండ్రి వైపు నిలబడి చచ్చిపోయాడు. ఆ రోజు ఆమె కాలవలో నిలబడి ఎంతసేపు మొహం కడుక్కుందో! అన్నిటికీ ఒక అంగీ సరిపోదు మరి. కానీ రెండు తెగలు రక్తం కారకుండా కలిశాకే మిగతా వాళ్లకి భయం పుట్టింది. ఆ తరవాత దొర రాజయ్యాడు, కొండలు దాటారు, నువ్విప్పుడు చూస్తున్న పట్టుబట్టల ఒంటెలూ, ఏనుగులూ అన్నీ.

జేరాన్ పదకొండేళ్లు మా పక్కనే ఉంది. రాలిక్ రాజుగారి ఆడగుర్రాల మంద మీద పెద్దగా ఉండేది, మగాళ్లు ఆమె మాటకి పరిగెత్తేవాళ్లు. పిదుక్ మాత్రం ఆ పదకొండేళ్లూ కాలవ ఇవతలికి కాలు పెట్టలేదు. ఏడాదికి ఒక రోజు, చలి ముదిరాక, జేరాన్ పొద్దున్నే మా ఇంటికొచ్చి ఇదిగో నువ్వు కూచున్న చోటే కూచునేది. మాటుండదు, తిట్టుండదు. నాకు మొదట్లో తెలీలేదు. రెండో ఏడు అర్థమై, "నీ కొడుకు పేరేంటి?" అని అడిగేశా, బుద్ధి తక్కువ దాన్ని. నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. కోపంగా కాదు. చాలాసేపు అట్లాగే పెట్టి ఉంచింది. ఇక నేనడగలేదు. అప్పటికి ఆ పేరు ఎట్లా ఉంటుందో కూడా నాకు తెలీదు. మీ తాతకీ తెలీదు, రాలిక్‌కీ తెలీదు.

దగ్గుతో పోయింది ఓ చలికాలం. మట్టి చేసే రోజు ఎంతమందొచ్చారనుకున్నావు! కొండతెగ నుంచి వచ్చారు, రాలిక్ తండ్రి ముసలాడు ఇద్దరు పట్టుకుంటే నడిచొచ్చాడు. కామిర్ద్ వచ్చాడు, చూపు ఆనట్లేదు పాపం. గొయ్యి పక్కన రాలిక్ కూతురి హోదాలో నిలబడింది. దింపబోతుంటే కాలవ అవతల గుర్రం డెక్కల చప్పుడు. పిదుక్. తెల్లగడ్డం, ఒక్కడే. గుర్రం దిగాడు. నీళ్లలోంచే నడుచుకుంటూ ఇవతలికొచ్చాడు. మొలలోతు చల్లటి నీళ్లు. గొయ్యి అంచున నిలబడి, లోపలికి వంగి, గొంతు చించుకుని ఒక పేరు పెట్టి పిలిచాడు. పిలిచి, "మీ అమ్మ వస్తోందిరా, గుర్రం పట్టుకో!" అన్నాడు. పదకొండేళ్ల తరవాత, అంతమంది ముందు, కట్టుబాటు తెంచేసి. అందరం కామిర్ద్ వైపు చూశాం. ఆయన, "గాలి బాగా వీస్తోంది, నాకేమీ వినబడలేదు" అన్నాడు. ఆకు కూడా కదలట్లేదే ఆ రోజు.

ఏంటి? పేరా? విన్నా. నా రెండు చెవులతో విన్నా.

... నీ చేతులంతా జిగటయ్యాయి, లేచి కడుక్కో. ఆ పిల్లలకి ఈ రొట్టెలు తీసుకెళ్లు, చల్లారక ముందే.